బ్రాంచి మామయ్య సలహా

ఆ కుటుంబంలో ఎవరి పిల్లలకైనా స్కూలు చివరి పరీక్షలు ముగిశాయంటే, ఫలితాల కంటే ముందే బ్రాంచి మామయ్యకు కబురు వెళ్లేది. ఆయన ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చంకలో ఫైలు పెట్టుకుని, ఇద్దరక్కల్లో ఎవరింటికి రమ్మంటే వాళ్లింటికి చేరేవాడు. రెండు కప్పుల టీ తాగేవాడు. ఏ ఇంజనీరింగ్‌లో చేరాలో, ఏ ఇంజనీరింగ్ గడప తొక్కకూడదో చెప్పేవాడు. ఇక దానిమీద అప్పీలు లేదు. లేక లేక పుట్టిన ఒక్క తమ్ముడు కాబట్టి అక్కలు ఎదురుచెప్పేవారు కాదు. బావలు ఎదురుచెబితే అక్కలు ఊరుకునేవారు కాదు.

ఆయన మాటకు అంత విలువ రావడానికి కారణం ఆయన చదువు కాదు. ఆయన చదివింది చరిత్ర. కారణం ఆయన ఉద్యోగం. ఒక దినపత్రిక ఆఫీసులో, రెండో అంతస్తులో, ఉద్యోగ ప్రకటనలు తీసుకునే కౌంటరు వెనక ఇరవైనాలుగేళ్లుగా కూర్చుంటున్నాడు. ఎవరికి సైట్ ఇంజనీరు కావాలన్నా, ఎవరికి వెల్డింగ్ సూపర్‌వైజరు కావాలన్నా ఆ సంగతి లోకానికి తెలిసేది మర్నాడు. మామయ్యకు ముందురోజే తెలిసేది. ప్రకటన పొడవును స్టీలు స్కేలుతో కొలవడం ఆయన పని. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ఆ కొలతల్ని బ్రాంచిలవారీగా కూడి, తన బీరువా తలుపు లోపలివైపు పెన్సిలుతో గీతలు గీసేవాడు. పిల్లలున్న ఇళ్లలో గోడమీద ఎత్తులు గీస్తారే, అచ్చం అలాగే. ఈ నెల సివిల్ ఇంత పెరిగింది, మెకానికల్ ఇంతే ఉంది, పాపం కెమికల్ ఎదగడం మానేసింది. ఏ గీత అందరికంటే పైన ఉంటే ఆ బ్రాంచిలో చేరమనేవాడు.

ఇందులో ఒక్కటే చిక్కు. ప్రకటన ఈరోజు ఆకలిది. చదువు నాలుగేళ్ల వంట. వంట దిగేసరికి తినేవాళ్లు చేతులు కడుక్కుని వెళ్లిపోయేవారు.

పెద్దక్క కొడుకు విషయంలో మొదటిసారి అదే జరిగింది. ఆ ఏడాది పేపరు నిండా బిల్డర్ల ప్రకటనలే. మామయ్య సివిల్ అన్నాడు. కుర్రాడు పట్టా చేతబట్టుకుని బయటికొచ్చేసరికి సగం లేచిన భవనాలు సగంలోనే ఆగి ఉన్నాయి, క్రేన్ల మీద పావురాలు కాపురం పెట్టాయి. తరువాత పెద్దక్క కూతురికి ఎలక్ట్రానిక్స్ అన్నాడు. ఆమె చివరి ఏడాదిలో ఉండగా దగ్గర్లోని టీవీల ఫ్యాక్టరీ పెట్టే బేడా సర్దుకుని సముద్రం దాటింది. చిన్నక్క కొడుక్కి కెమికల్ అన్నాడు. ఆ కుర్రాడు నాలుగేళ్లు పెద్ద పెద్ద రియాక్టర్ల గురించి చదివి, ఇప్పుడొక బిస్కెట్ల కంపెనీలో రెండు బిస్కెట్ల మధ్య క్రీము జారిపోకుండా చూస్తున్నాడు.

ఇవేవీ మామయ్య ధైర్యాన్ని చెక్కుచెదర్చలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నాలుగోది ఎక్కడుందని ఎవరైనా అడిగితే, మార్కెట్ తినేసిందనేవాడు.

పెద్దక్క చిన్న కొడుకు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక వింత జరిగింది. మామయ్య పెట్రోలియంలో చేరమన్నాడు, ఎలక్ట్రికల్ వద్దన్నాడు. వాళ్లు ఎలక్ట్రికల్‌లో చేర్పించారు. అదేమిటంటే సీటు దొరకలేదన్నారు. ఆ కుర్రాడికి చదువు పూర్తికాకముందే విద్యుత్ సంస్థలో ఉద్యోగం వచ్చింది. పెట్రోలియం వాళ్లు మాత్రం ఆ ఏడాది ఉన్నవాళ్లనే ఇళ్లకు పంపుతున్నారు. ఉద్యోగం వచ్చిన వారంలో పెద్దక్క కుటుంబమంతా వచ్చి మామయ్యకు మంచి చొక్కా గుడ్డ పెట్టి, నీ వల్లే ఇదంతా అని దండం పెట్టి వెళ్లారు. తాను చెప్పింది ఒకటి, వాళ్లు చేరింది ఒకటి అయితే తన వల్ల ఎలా అయిందో మామయ్యకు అర్థం కాలేదు. అయినా చొక్కా కుట్టించుకున్నాడు.

ఇక ఆ తరంలో మిగిలింది చిన్నక్క కూతురు ఒక్కతే. సన్నగా, చురుగ్గా, ఒకచోట నిలవకుండా ఉంటుందని ఇంట్లో అందరూ పిచ్చుక అనేవారు. ఆదివారం ఆమె విషయం తేల్చాలని కబురొచ్చింది. అంతకుముందు గురువారం మధ్యాహ్నం, మర్నాటి పేజీ కట్టేసి మామయ్య కాళ్లు చాపుకున్న వేళ, పిచ్చుక తానే ఆఫీసుకు వచ్చి కౌంటరు పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. ఒళ్లో పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంది.

ఆదివారం ఏం చెప్పబోతున్నావని అడిగింది. ఆదివారం చెప్పేది ఆదివారమే చెప్పాలని, డాక్టరు వీధి గుమ్మంలో మందు రాయడని మామయ్య అన్నాడు.

“అయితే నేను చెప్పింది చెప్పు మామయ్యా. కంప్యూటర్సే చేరమను. ఎవరైనా మెటలర్జీ అంటే మాత్రం చచ్చినా వద్దను. కాస్త కోపంగా అను.”

మామయ్యకు మేనకోడలి మీద ముద్దొచ్చింది. ఇంటిల్లిపాదిలో దీనికొక్కదానికే బుర్ర ఉందనుకున్నాడు.

“అంటే నీకు కంప్యూటర్స్ ఇష్టమన్నమాట.”

“కాదు. మెటలర్జీ ఇష్టం.”

మామయ్య స్కేలు కింద పెట్టాడు. పిచ్చుక ఆయన మొహం చూసింది, నాలుక కరుచుకుంది, డబ్బా వైపు చూసింది.

“నీకు తెలుసనుకున్నాను,” అంది మెల్లగా. “ఇంట్లో అందరికీ తెలుసు కదా, నీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారనుకున్నా.”

అప్పుడు ఒక్కొక్కటే బయటపడింది. మామయ్య మాటను తిరగేసి పాటించే సూత్రం ఒకటి ఇంట్లో నడుస్తోంది, దాన్ని కనిపెట్టింది పిచ్చుక నాన్నే. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఏ తక్కెడైనా ఎప్పుడూ ఒకే వైపు మొగ్గుతుంటే అది పనికిరానిది కాదని, దాని మొగ్గు ఎంతో తెలిస్తే చాలని ఆయన సిద్ధాంతం. బావమరిది ఏ బ్రాంచి చెబితే దాన్ని వదిలెయ్యాలి, ఏది వద్దంటే దాన్ని పట్టుకోవాలి. పెద్దక్క చిన్న కొడుకు విషయంలో తొలిసారి ప్రయత్నించి చూశారు. గురి కుదిరింది. చొక్కా గుడ్డ అందుకే.

పిచ్చుక వెళ్లిపోయాక మామయ్య బీరువా తలుపు తెరిచి గీతల ముందు చాలాసేపు నిలబడ్డాడు. లోహాల చదువైన మెటలర్జీకి అసలు గీతే లేదు. ఏడాది మొత్తం మీద వచ్చింది పదకొండు సెంటీమీటర్లు. అందులో ఆరు ఒకే ఇనుప పోత కార్ఖానావి. మొదటిసారి ఫోను నంబరు తప్పు పడిందని రెండోసారి వేయించుకున్నారు. అంటే తనను ఎవరూ అడగకపోయినా, ఎవరూ బతిమాలకపోయినా, ఆదివారం నాడు తాను నిజాయితీగా చెప్పబోయేది మెటలర్జీ వద్దనే. పిల్ల అబద్ధం ఆడమని వచ్చింది. తీరాచూస్తే అది నిజమే. ఆ నిజం చెబితే పిల్లను ఉద్యోగాలు లేని చదువులోకి తోసినట్టు. చెప్పకపోతే పిల్ల ఆశ మీద నీళ్లు చల్లినట్టు. పోనీ తన లెక్క ఎప్పుడూ తప్పే అనుకుంటే మెటలర్జీయే మంచిదవ్వాలి. కానీ తన లెక్క తప్పని తానే ఒప్పుకుంటే ఇన్నేళ్లుగా ఆ బీరువా తలుపు దేనికి పాడుచేసినట్టు?

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఈ రెంటి మధ్య మామయ్యకు ఆ సాయంత్రం టీ కూడా సయించలేదు.

ఇంట్లో భార్యకు చెప్పాడు. ఆమె కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. రోజుకు నలభైమంది చేత గోడమీది అక్షరాలు చదివిస్తుంది. నీకు కూడా తెలుసా అని అడిగితే, తెలుసని తలూపింది. ఎందుకు చెప్పలేదంటే, చొక్కా మీకు బాగా నప్పింది కదా అని ఊరుకున్నానంది.

“చూపు తప్పయినా, ఎప్పుడూ ఒకేలా తప్పయితే అద్దాలు వెయ్యొచ్చండీ. మీవాళ్లు మీకు అద్దాలు వేసుకున్నారు, అంతే. అందులో అవమానం ఏముంది?”

అవమానం కంటే పెద్ద ముల్లు ఇంకొకటి మామయ్యలో గుచ్చుకుంటోంది. తన మాట విని చేరినవాళ్ల సంగతేమిటి? సివిల్ కుర్రాడు, ఎలక్ట్రానిక్స్ పిల్ల, వాళ్ల బతుకులు తన స్కేలు కింద పడి నలిగాయా? ఇన్నేళ్లలో ఆయన వాళ్లకు జోస్యం చెప్పాడే గాని, వాళ్లు పనిచేసే చోటు ఒక్కటీ చూడలేదు.

శుక్రవారం ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి ఎలక్ట్రానిక్స్ మేనకోడలి దగ్గరికి వెళ్లాడు. ఆమె వినికిడి యంత్రాలు అమర్చే క్లినిక్కులో పనిచేస్తోంది. ముందు గదిలో ఏడెనిమిదిమంది ముసలివాళ్లు వరసగా కుర్చీల్లో ఉన్నారు. లోపల గాజు గదిలో ఒక పెద్దాయన, యంత్రం పెట్టుకున్నప్పటి నుంచి భార్య మాటలన్నీ వినపడుతున్నాయని, శబ్దం కాస్త తగ్గించమని గొడవపెడుతున్నాడు. ఆమె చిన్న మరలు తిప్పుతూ, కంప్యూటర్లో గీతల్ని కిందికి లాగుతూ, అరగంట ఆయనతో ఓపిగ్గా వేగి, ఆడగొంతు కాస్త మెత్తగా వినపడేట్టు సర్ది పంపింది.

మామయ్యను చూసి సంతోషించి ముందు గదిలోనే కూర్చోబెట్టింది. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి, నేను ఎలక్ట్రానిక్స్ అని నీ జీవితం పాడుచేశానా అని అడిగాడు.

రోజంతా చెవిటివాళ్లతో మాట్లాడీ మాట్లాడీ ఆమె మెల్లగా మాట్లాడడం మరిచిపోయింది.

“జీవితం పాడుచేశావా అనా? నువ్వు చెప్పావని ఎవరు చేరారు మామయ్యా?” ఆ గది దాటి వీధిలోకి వినపడింది. “నా స్నేహితురాలు ఎలక్ట్రానిక్స్‌లో చేరింది. దానికి బస్సులో తోడు కావాలంది. నేనూ చేరాను. నువ్వు కూడా అదే చెప్పేసరికి ఇంట్లో ఒప్పించే బాధ తప్పింది.”

వినికిడి పోయిందని వచ్చిన ఏడుగురూ ఆ మాట విన్నారు. ఒకాయన జాలిగా మామయ్య భుజం తట్టాడు.

చదివినవాళ్లంతా ఏమయ్యారని అడిగితే ఆమె వేళ్లు ముడిచి చెప్పింది. ఆ స్నేహితురాలు బ్యాంకులో ఉంది. ముగ్గురు ఫోన్ల టవర్ల దగ్గర, ఒకడు సినిమా హాళ్లలో స్పీకర్లు బిగిస్తున్నాడు, సగంమందికి పైగా సాఫ్ట్‌వేర్‌లోకి పోయారు, వాళ్లలో కొందరు వెనక్కి వచ్చారు. తనకు మొదటి ఏడాదిన్నర ఏమీ దొరకలేదు. ఈ క్లినిక్కుకు నానమ్మను తీసుకొచ్చి, డాక్టరు యంత్రం విప్పలేక తంటాలు పడుతుంటే ఇలా ఇవ్వండి అని తీసుకుంది. అక్కడే ఉండిపోయింది.

శనివారం సివిల్ మేనల్లుడి దగ్గరికి వెళ్లాడు. అతను వస్తు ప్రదర్శనలకు స్టాళ్లు, వేదికలు కట్టే కంపెనీలో ఉన్నాడు. పెద్ద రేకుల షెడ్డులో ఇనుప గొట్టాలతో రెండంతస్తుల వేదిక లేస్తోంది. మేనల్లుడు నెత్తిన హెల్మెట్‌తో గొట్టాల మీద కోతిలా ఎక్కి, ఒక్కొక్క బిగింపూ చేత్తో కదిపి చూసి దిగాడు. ఇది మూడు రోజులు నిలబడాలని, నాలుగోరోజు మధ్యాహ్నానికి ఇక్కడ ఏమీ లేనట్టు ఉండాలని, కట్టడం కంటే విప్పడమే కష్టమని చెప్పాడు. తమ క్లాసులో అరవైమందిలో కట్టింది కట్టినట్టు ఉండే పనిలో ఉన్నది తొమ్మిదిమందేనట. వాళ్లు తనను చూసి కుళ్లుకుంటారట. ఎందుకంటే వాళ్లు కట్టినవాటికి పదేళ్ల తరువాత కూడా నెమ్ము దిగిందని ఫోన్లు వస్తాయి.

మామయ్య తాను వచ్చిన పని చెప్పాడు. మేనల్లుడు హెల్మెట్ తీసి నెత్తి గోక్కున్నాడు.

“నాకొచ్చిన మార్కులకి ఆ ఏడు సివిల్ తప్ప ఇంకేదిస్తారు మామయ్యా? కాలేజీలో మిగిలిందే అది. నువ్వు చెప్పావని చేరినట్టయితే ఇంట్లో తిట్లు నీకు పోతాయి గదా అని ఊరుకున్నా.”

మామయ్య బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఇన్నాళ్లూ మోసిన గర్వం, రెండు రోజులుగా మోస్తున్న తప్పు, రెండూ ఒక్కసారే చేతుల్లోంచి జారిపోయాయి. తాను ఎవరినీ బాగుచెయ్యలేదు. ఎవరినీ పాడుచెయ్యనూ లేదు. చెప్పకపోతే ఏం జరిగేదో చెప్పాకా అదే జరిగింది. తేలిగ్గా ఉండాల్సింది. కానీ తనను భోజనానికి పిలిచి విస్తరి వెయ్యడం మరిచినట్టనిపించింది.

ఆదివారం పొద్దున చిన్నక్క ఇంట్లో అందరూ చేరారు. పెద్దక్క వచ్చింది. బిస్కెట్ల కంపెనీ మేనల్లుడు రెండు పెద్ద పొట్లాలతో వచ్చాడు. క్రీము జారిపోయినవి వాళ్లకు ఉచితం. చిన్నబావ టేబులు మీద దరఖాస్తు కాగితాలు రెండు పెట్టి, పెన్ను మూత తీసి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఒకదానిలో బ్రాంచి దగ్గర ఆయన ఆశపడే కంప్యూటర్స్ అని ముందే రాసుంది. రెండోదానిలో ఆ గడి ఖాళీ. పిచ్చుక గుమ్మానికి ఆనుకుని మామయ్య వైపే రెప్పవేయకుండా చూస్తోంది.

మామయ్య ఫైలు తేలేదు. మొదటి కప్పు టీ తాగాడు. రెండో కప్పు వద్దన్నాడు. అప్పుడే చిన్నక్కకు అనుమానం వచ్చింది, తమ్ముడికి ఒంట్లో బాగాలేదేమోనని.

“నాకు తెలీదు,” అన్నాడు మామయ్య.

ఎవరికీ అర్థం కాలేదు. చిన్నబావ పెన్ను పట్టుకునే, ఏది తెలీదని అడిగాడు. ఏ బ్రాంచి మంచిదో తెలీదని మామయ్య చెప్పాడు. ఈ నెల తెలీదా, ఎప్పుడూ తెలీదా అని బావ అడిగాడు. ఎప్పుడూనే అని మామయ్య ఒప్పుకున్నాడు. చిన్నబావకు కాలి కింద నేల కదిలినట్టయింది. తక్కెడ ఎటు మొగ్గినా ఆయన సర్దుకోగలడు. అసలు మొగ్గనే మొగ్గనంటే ఏం చెయ్యాలి?

“అలా కాదోయ్, ఏదో ఒకటి చెప్పు. పోనీ ఏది వద్దో అదైనా చెప్పు.”

“చెబితే తిరగేసి రాసుకుంటారు కదా బావగారూ.”

పెద్దక్కకు హఠాత్తుగా పొయ్యిమీద ఏదో ఉన్నట్టు గుర్తొచ్చింది. అది చెల్లెలి పొయ్యి అని కూడా చూడకుండా లేచి వెళ్లింది. మేనల్లుడు నవ్వు ఆపుకోలేక బిస్కెట్టు గొంతుకడ్డం పడి దగ్గాడు. చిన్నబావ పెన్నుకు మూత పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టాడు.

“నీమీద గౌరవం లేక కాదోయ్,” అన్నాడు చివరికి. “ఇంత నమ్మకంగా తప్పే మనిషి మాకు ఇంకెక్కడ దొరుకుతాడు, నువ్వే చెప్పు.”

అది తిట్టో పొగడ్తో తేల్చుకోవడానికి మామయ్య ప్రయత్నించలేదు. తాను శుక్ర, శనివారాల్లో చూసినవి చెప్పాడు. బస్సులో తోడు కోసం చేరిన పిల్ల ముసలివాళ్లకు చెవులు అమరుస్తోంది. మార్కులు లేక చేరినవాడు గొట్టాల మీద నవ్వుతూ ఎక్కుతున్నాడు. ఇద్దరూ పని చేతకాక ఏడవడం లేదు. చేతిలో ఉన్నదాన్ని పట్టుకుని కిందా మీదా చూడడం ఇద్దరికీ వచ్చు. ఏడాదో రెండేళ్లో ఖాళీగా కూర్చున్న మాట నిజమే. ఆ ఏడాదిని తప్పించే బ్రాంచి ఏదో తన స్కేలుకు తెలీదు. ఇంతకీ చేరేది పిచ్చుక కాబట్టి, ఒకసారి ఆ డబ్బా ఏమిటో చూపించమని అడగండన్నాడు.

పథకమంతా నీరుగార్చినందుకు పిచ్చుక మామయ్యను కళ్లతోనే కాల్చింది. అయినా వెళ్లి డబ్బా తెచ్చి టేబులు మీద కుమ్మరించింది. విరిగిన తలుపు గొళ్లెం, రెండు ముక్కలైన సైకిలు పెడల్ ఇరుసు, తల తెగిన బోల్టులు, మెడ విరిగిన చెంచా. ఇవన్నీ ఎందుకే అని తల్లి అడిగింది. ఎందుకు విరిగాయో చూడ్డానికని పిచ్చుక చెప్పింది. మెలితిప్పితే విరిగినదాని మొహం ఒకలా ఉంటుంది, ఒక్క దెబ్బకు విరిగినదాని మొహం ఇంకోలా ఉంటుందట. వాటిలోంచి ఒక స్ప్రింగు ముక్క తీసి తండ్రి ముందు పెట్టింది. అది సందు చివరి కిరాణా కొట్టు త్రాసులోది. స్ప్రింగు కోసి తూకంలో మోసం చేశాడని చిన్నబావే ఆర్నెల్ల కిందట కేసు రాసి త్రాసును పట్టుకొచ్చాడు. కేసు ముగిశాక ఆఫీసు చెత్తలో పారేస్తే పిచ్చుక ఏరుకొచ్చింది.

“ఇది ఎవరూ కొయ్యలేదు నాన్నా. ఈ మూల తుప్పు చుక్క చూడు. అక్కణ్ణుంచి అలల్లా గీతలున్నాయి కదా, తూచినప్పుడల్లా కొంచెం కొంచెం చీలింది. అలిసిపోయి విరిగింది.”

చిన్నబావ జేబులోంచి భూతద్దం తీశాడు. అది ఆయన ఉద్యోగపు భూతద్దం. సెలవురోజున కూడా జేబులోనే ఉంటుంది. స్ప్రింగును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురుకు తిప్పి తిప్పి చూశాడు. గీతలు ఉన్నాయి. మళ్లీ చూశాడు. అప్పటికీ ఉన్నాయి. ఇది ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. లైబ్రరీలో మెటలర్జీ మూడో ఏడాది పుస్తకంలో ఉందంది. ఇన్‌స్పెక్టర్ల శిక్షణలో ఎందుకు లేదో అని ఆయన తనలో తాను అనుకున్నాడు.

“బాగానే ఉంది. మరి ఉద్యోగం?”

మామయ్య నాలుక చివరికి పదకొండు సెంటీమీటర్లు వచ్చాయి. మింగేశాడు.

“తెలీదు నాన్నా,” అంది పిచ్చుక.

ఒకేరోజు ఆ ఇంట్లో ఇద్దరు తెలీదన్నారు. చిన్నబావ కుర్చీలో కూర్చుని, కంప్యూటర్స్ అని రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. పారెయ్యడానికి ఆయనకు ఇంకా మనసు రాలేదు. రెండో కాగితం ఖాళీ గడిలో కూతురే రాసుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆయన కిరాణా కొట్టుకు వెళ్లాడు, కేసు తిరగతోడిస్తానని ఆ కొట్టాయనకు చెప్పడానికి. త్రాసు గురించి వచ్చానన్నాడో లేదో, కొట్టాయన మొహం పాలిపోయింది. కౌంటరు కిందికి వంగి ఇంకో త్రాసు తీసి, తప్పయిపోయింది సార్ అని చేతులు జోడించాడు. దాని కింద చింతగింజంత సీసం ముక్క అంటించి ఉంది. చిన్నబావ క్షమాపణ చెప్పాలో కొత్త కేసు రాయాలో తెలియక, చివరికి రెండూ చేసి వచ్చాడు.

నాలుగేళ్లలో చాలా మారాయి. ఉద్యోగ ప్రకటనలన్నీ ఫోన్లలోకి వెళ్లిపోయాయి. మామయ్య పేజీ అరపేజీ అయింది, అరపేజీ పావు అయింది, ఒక సోమవారం ఆ పావూ లేదు. ఆయన్ను నాలుగో అంతస్తులో సంతాప ప్రకటనల విభాగానికి మార్చారు. అక్కడ స్కేలుకు పని తగ్గలేదు. ఆ రంగానికి మాంద్యం లేదు. బీరువాను మాత్రం రెండో అంతస్తులోనే వదిలేశాడు.

పిచ్చుక చివరి ఏడాదిలో కాలేజీకి కంపెనీలు వచ్చాయి. కంప్యూటర్స్‌కు వచ్చే గుంపు ఆ ఏడాది రాలేదు, ఆరు కంపెనీలే వచ్చి పదిమందిని తీసుకుపోయాయి. మెటలర్జీకి ఒకే ఒక్క కంపెనీ వచ్చింది, అదీ పొరపాటున. వాళ్లకు కావలసింది గోడౌన్లో సరుకు చూసేవాళ్లు. మెటీరియల్స్ అని ఎక్కడో చదివి లోహాల వాళ్ల దగ్గరికి వచ్చారు. కాలేజీవాళ్లు ఇచ్చిన టీ తాగి, క్షమించమని వెళ్లిపోయారు. పిచ్చుక తొమ్మిది నెలలు ఇంట్లో ఉంది. ఆ తొమ్మిది నెలల్లో చిన్నబావ నాలుగు మడతల కాగితం తీసి చూసుకున్నాడో లేదో ఎవరికీ తెలియదు. మాట మాత్రం తూలలేదు. మధ్యలో పిచ్చుక అన్న కంపెనీకి వెళ్లి బిస్కెట్ల అచ్చులు ఎందుకు పగులుతున్నాయో చెప్పి వచ్చింది. దానికి జీతంగా ఆరు పొట్లాలు ఇచ్చారు. ఆ అచ్చులు తయారుచేసేవాళ్ల ద్వారా లిఫ్టుల ఉక్కు తాళ్లు పరీక్షించే ల్యాబులో ఖాళీ ఉందని తెలిసింది. వెళ్లింది. చేరింది. జీతం కంప్యూటర్స్ వాళ్ల దాంట్లో సగం, పని రెండింతలు. సాయంత్రం ఇంటికొచ్చి ఏ తాడు ఎలా తెగిందో చెబుతుంటే తల్లి చెవులు మూసుకునేది, తండ్రి భూతద్దం తెచ్చుకునేవాడు.

చేరిన రెండో నెలలో మామయ్యను ల్యాబుకు రమ్మంది. సూక్ష్మదర్శిని కింద ఒక తాడు పోగు పెట్టి చూపించింది. వేలిమందం ఉన్న తాడులో నూటయాభై పోగులు, వాటిలో పదిహేడు తెగి ఉన్నాయి. ఇది పైకి నున్నగా, నిగనిగలాడుతూ ఉందని, పన్నెండంతస్తుల భవనంలో మొన్నటిదాకా రోజూ జనాన్ని మోసిందని సంతోషంగా చెప్పింది. మామయ్య బాగుందమ్మా అన్నాడు.

మర్నాటి నుంచి ఆయన నాలుగో అంతస్తుకు మెట్లెక్కి వెళ్లడం మొదలుపెట్టాడు. ఎవరైనా అడిగితే వ్యాయామమనేవాడు. రెండో వారానికి మోకాళ్లు మొరపెట్టుకున్నాయి. సిగ్గు విడిచి, ఆఫీసు లిఫ్టు తాడు ఒకసారి చూసిపెట్టమని మేనకోడలికి ఫోన్ చేశాడు. ఆమె శనివారం వచ్చి, వాచ్‌మన్ చేత మిద్దెమీది మోటారు గది తెరిపించి, చేతులకు గ్రీజు పూసుకుని దిగింది.

తాడు బాగానే ఉందని చెప్పింది. అయినా మెట్లే ఎక్కు మామయ్యా, ఈ వయసులో మంచిదంది.

ఇందులో ఇంజనీరు మాటెంత, మేనకోడలి మాటెంత అని మామయ్య రెండు రోజులు ఆలోచించాడు. తిరగేసి చూసుకోవాలా, ఉన్నదున్నట్టు తీసుకోవాలా అని కూడా ఆలోచించాడు. మూడోరోజు లిఫ్టు ముందు నిలబడి, మీట నొక్కి, అది కిందికి వచ్చేదాకా పైకే చూస్తూ ఉండి, తలుపు తెరుచుకున్నాక ముందు ఒక కాలు పెట్టి చూసి, ఎక్కాడు.